ఒకేలా మూడు సంతకాలు

అబిడ్స్‌లో అంజన్ రాయని బోర్డు లేదంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే గానీ, పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తే అతని చేతిరాత నాలుగైదు చోట్లయినా పలకరిస్తుంది. ఫ్లెక్సీలొచ్చి సగం పని తినేశాయి. మిగిలిన సగాన్ని ఫుట్‌పాత్ మీదే రంగు డబ్బాలు పెట్టుకుని లాక్కొస్తున్నాడు. ఇన్నాళ్లకు నాంపల్లిలో ఒక షట్టర్ కొట్టు ఖాళీ అయింది. సాయంత్రంలోగా అడ్వాన్సు చేతిలో పడకపోతే దాన్ని మోమోల బండి రాజేందర్‌కు ఇచ్చేస్తానన్నాడు ఓనరు గట్టయ్య.

అడ్వాన్సుకు సరిపడా డబ్బు అంజన్‌కు ఉంది. బ్యాంకులో, ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

డిపాజిట్ తీసే ఫారం మీద అతను పెట్టిన సంతకం, ఖాతా తెరిచినప్పటి సంతకంతో కలవలేదు. కౌంటర్లోని మనస్విని మర్యాదస్తురాలే, మళ్లీ పెట్టమంది. అదీ కలవలేదు. పాతది ఒకసారి చూపించమంటే రూల్సు ఒప్పుకోవంది.

బోర్డులు రాసేవాళ్లకు ఒక అలవాటుంది. బోర్డు అడుగున, ఓ మూలకు తమ పేరు కూడా రాసుకుంటారు, ఆ బోర్డు అక్షరాల తీరులోనే. మిఠాయి దుకాణానికైతే పేరు కూడా జిలేబీలా చుట్టుకుంటుంది. ఇనుప సామాన్ల కొట్టుకైతే కడ్డీల్లా నిలబడుతుంది. బ్యాంకు ఫారం మీదా అంజన్ అదే చేశాడు. ఇంతకీ ఖాతా తెరిచిన రోజుల్లో ఏ దుకాణం బోర్డు రాస్తున్నాడు? గుర్తు లేదు. జిలేబీ పెట్టి చూశాడు. కడ్డీలు పెట్టి చూశాడు. చీరల కొట్టు తీరులో కొంగు వదిలి చూశాడు. మనస్విని ఒక్కోటీ స్క్రీన్‌తో పోల్చి తల అడ్డంగా ఊపింది.

"సూపర్‌గా ఉంది అంకుల్. కానీ ఇది కాదు."

ఆధార్ చూపించాడు. పాస్‌బుక్ మీది ఫొటో, పక్కనే తన మొహం పెట్టి చూపించాడు. మనిషి నిలువెత్తున ఎదురుగా ఉన్నా బ్యాంకు గీతనే నమ్ముతుంది. చేతులు వణికే ముసలివాళ్లనూ, కూలి చేసి వేళ్లు బిగుసుకుపోయినవాళ్లనూ ఇలాగే తిప్పి పంపుతారు. డబ్బు జమ చేసుకునేటప్పుడు మాత్రం వేలిముద్ర అయినా ముద్దే.

సంతకం మార్చుకోవచ్చట, వారం పడుతుందట. మేనేజర్ భావనారాయణ ఆ మాట చెప్పి ఫైల్లో తల దూర్చాడు.

పింఛను పని మీద వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న జయమ్మ, ఒకప్పటి టీచరు, అంతా వింటూనే ఉంది. అంజన్‌ను దగ్గరకు పిలిచింది.

"తమ్మీ, కొట్లాడకు. ఇయ్యం అన్న మాటనే కాయితం మీద రాసియ్యమను. కింద సంతకం, స్టాంపు."

అంజన్ నేరుగా మేనేజర్ దగ్గరకు పోయాడు.

"సార్, నేను అంజన్‌ను కాదని జర రాసియ్యుండ్రి. మీ సంతకం పెట్టుండ్రి. నేను పోత."

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. భావనారాయణ పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. వారం పట్టే పని అక్కడికక్కడే చేయొచ్చని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఆధార్ చూసి, వేలిముద్ర తీసుకుని, నమూనా సంతకాల కొత్త కార్డు ఇప్పించాడు. దాని మీద మూడు సంతకాలు పెట్టాలి, మూడూ ఒకేలా ఉండాలి.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. చేయి ఊరుకోదే! రెండోదానికే తోక మొలిచింది. మనస్విని కార్డు మార్చి, అందం వద్దంకుల్ అని బతిమాలింది. మూడో తరగతి పిల్లలు రాసినట్టు రాయమని జయమ్మ వెనక నుంచి పాఠం చెప్పింది. అంజన్ పళ్లు బిగించి, జన్మలో ఎన్నడూ రాయనంత వికారంగా తన పేరు మూడుసార్లు రాశాడు. కలిశాయి.

డబ్బు చేతికొచ్చేసరికి పొద్దు వాలింది. నాంపల్లికి దాదాపు పరుగే. షట్టర్ ముందు రాజేందర్ అప్పటికే టేపు పట్టి కొలుస్తున్నాడు. గట్టయ్య అడ్వాన్సు అందుకుని తాళంచెవి అంజన్ చేతిలో పెట్టాడు.

"ఇంకో గడియైతే గీడ మోమోలు ఉడుకుతుండె."

రాజేందర్ మొహం వేలాడేసుకుని టేపు చుట్టుకుంటున్నాడు. అంజన్‌కు జాలేసింది.

"ఫికర్ చేయకు భాయ్. బండి నా షట్టర్ ముందట్నే పెట్టుకో. బోర్డు నేను రాస్త."

"పైసలు?"

"దినాం ఒక ప్లేటు పెట్టు. కారం జర తక్వెయ్యి."