ఏటికి నీళ్లు మోసిన వనభోజనం

మా ఇంట్లో ఏ పనైనా "ఊరికే, చిన్నగా" అన్న మాటతో మొదలైందంటే నాకు గుండె దడ. ఊరికే అనుకున్న పెళ్లిచూపులకు వీధి వీధంతా వచ్చి కూర్చుంది. చిన్నగా అనుకున్న సున్నం పని పండగ దాటినా తెమల్లేదు. కాబట్టి ఆ కార్తీక మాసంలో మా నాయన కోర్టు నుంచి వచ్చి, తలగుడ్డ తీసి కొయ్యకు తగిలిస్తూ, "ఈ ఆదివారం ఏటిగట్టు తోటకు పోదాం. ఊరికే, చిన్నగా. ఇంత పెరుగన్నం కట్టుకుంటే సాలు" అన్నప్పుడే నాకు అర్థమైపోయింది, ఇది చిన్నగా పోయే వ్యవహారం కాదని.

నాయన కర్నూలు కోర్టులో గుమాస్తా. ఆ తోట ఆయనకు తెలిసిన ఒక సాయిబుగారిది, తుంగభద్ర గట్టునే ఉండేది. నిండా జామచెట్లు, మధ్యలో ఒక ఉసిరిచెట్టు. ఉసిరిచెట్టు కింద తింటే పుణ్యమని మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, వెంటనే ఒప్పుకుంది. జామకాయల మీద ఆశతో మా చిన్నాయన ఒప్పుకున్నాడు. అమ్మ పుణ్యం మాటా ఎత్తలేదు, జామకాయల మాటా ఎత్తలేదు.

"ఆడ నేను గూడా మీతోపాటే కూర్చుంటా. అందరమూ ఒకే బంతి" అంది.

మా ఇంట్లో మొదటి బంతి మగవాళ్లది. తర్వాత జేజి, పిల్లలం. అమ్మ అందరికీ వడ్డించి, ఆఖరున పొయ్యి పక్కన పీట వాల్చుకుని, చల్లారిన అన్నంలో అడుగున మిగిలిన పులుసు ఊడ్చుకుని తినేది. అది ఎవరో వేసిన శిక్ష కాదు, మా వీధిలో ఏ ఇంట్లో చూసినా అంతే. అమ్మ పొగలు కక్కే అన్నం తినగా నేను చూసిన పాపాన పోలేదు. ఒకే బంతి అన్న అమ్మ మాటకు అందరం నవ్వాం. "ఓస్, దానికేం భాగ్యం!" అన్నాడు నాయన.

ఆ భాగ్యానికి మొదట చెయ్యి అడ్డం పెట్టింది జేజి. "దేవుని పేరు చెప్పుకొని పోతా పెరుగన్నమేందిరా? ఓళిగలు లేని వనభోజనం యాడన్నా ఉండాదా?" అంది. బొబ్బట్లను మేం ఓళిగలంటాం. ఓళిగలున్నాక చిత్రాన్నం లేకపోతే ఎట్లా అన్నాడు చిన్నాయన. చిత్రాన్నం ఒక్కటే ఏం బాగుంటుంది, నాలుగు వడలు పడాల్సిందే అన్నాడు నాయన. ఎంతైనా కోర్టు మనిషి, వాదన మాత్రం గట్టిగా చేశాడు. పెరుగన్నం ఊసు మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు.

శనివారం అమ్మ రోటి ముందు కూర్చుని, "ఇన్ని చేస్తే వడ్డించేది ఎవరు?" అని అడిగింది.

"ఒక్క చుట్టు తిప్పి నువ్వు గూడా కూచోరాదూ" అన్నాడు నాయన.

ఒక్క చుట్టుతో ఆగిన వడ్డన ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? ఆ సంగతి అమ్మకు తెలుసు. పొత్రం ఇంకా గట్టిగా తిప్పింది. ఆ కోపానికి పప్పు వెన్నలాగా మెదిగింది.

తెల్లవారి ఇంటి ముందుకు ఎద్దుబండి వచ్చింది. చిన్నాయన తిండిగంప ఎక్కించాడో లేదో, జేజి లోపల్నుంచి నీళ్ల బిందెలు ఒక్కొక్కటీ తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది. వెనకాల పెద్ద కాగు.

"అమ్మా, మనం పోయేది ఏటికమ్మా!" అని మొత్తుకున్నాడు చిన్నాయన.

"ఏట్లో నీళ్లుండాయని నీకెవరు చెప్పినారు?"

"నిన్ననే గదా ఈదులాడి వస్తి!"

"నిన్నటి నీళ్లు నిన్ననే పాయ."

జేజిది కోడుమూరు పక్క పల్లె. ఎండాకాలం చీకటితోనే బావి దగ్గర కడవతో నిలబడి పెరిగిన మనిషి. నీళ్లు కంటితో చూసినా నమ్మేది కాదు, కడవలో పడితేనే నమ్మేది. "పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టుంది" అని నాయన ఎగతాళి చేశాడు. చేసి, ఇంకొక ముంత నిండా నీళ్లు తానే పట్టుకొచ్చాడు. మా సీమలో నీళ్లు వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?

కాగుకు చోటు చాలక చిన్నాయన గంప దించి లోపల నడవలో పెట్టాడు. కాగు కుదురుగా కూర్చోబెట్టడానికి ఇద్దరు పట్టారు. ఈలోగా ఎద్దులు కదిలాయి. దారి పొడవునా గతుకులే. చుక్క ఒలకకూడదని తలా ఒక బిందెను కావలించుకుని కూర్చున్నాం.

తుంగభద్ర గట్టు ఒరుసుకుని పారుతోంది. జేజి ఏటిని చూసింది, బిందెలను చూసింది. "ఏటి నీళ్లు బురదలే" అనేసి ఉసిరిచెట్టుకు పసుపు రాసింది. అమ్మ విస్తళ్లు పరిచింది, అందరివీ ఒకే వరసలో, తనది కూడా.

"గంప దించరా" అంది జేజి.

చిన్నాయన బండిలోకి చూసి, దాని కింద చూసి, ఆఖరుకు ఎద్దుల వైపు కూడా చూశాడు. "అన్న ఎక్కించినాడనుకుంటినే" అన్నాడు. "నేను కాగు పట్టుకోనుంటి గదరా" అని నాయన. "బిందెలు చూసుకునేదా, గంప చూసుకునేదా నేను?" అని జేజి. తిలా పాపం తలా పిడికెడు. చిన్నాయన పంచె ఎగ్గట్టి, "నేను పోయి తెస్తా, ఇట్లా పోయి అట్లా వస్తా" అని బయల్దేరబోయాడు.

"వద్దు" అంది అమ్మ.

అందరం అటు తిరిగాం. అమ్మ తన విస్తరి ముందు కూర్చుని ఉంది.

"ఎవరూ పోవద్దు. గంపొస్తే వడ్డించేదానికి నేనే లేయల్ల. ఈ పొద్దు నేను లేయను."

మా ఇంట్లో అంతకుముందు అమ్మ అట్లా మాట్లాడలేదు. జేజి ఏమంటుందోనని నేను చిన్నాయన వెనక్కి జరిగాను. జేజి కోడలిని ఎగాదిగా చూసి, తనూ విస్తరి ముందు కూలబడింది.

మా గోల విని, తోట చూసుకునే ముసలి సాయిబు నవ్వుకుంటూ పక్క చేనులో పీకిన శెనక్కాయ చెట్లు కాయలతోసహా ఒక మోపు తెచ్చి పడేశాడు. తెచ్చింది సాయిబు కదా అని మేమంతా జేజి మొహం చూశాం. "మన్నులో పండి నిప్పులో కాలేదానికి అంటు ఏముందిరా?" అని తీర్పు చెప్పేసింది జేజి. ఆకలి అన్ని శాస్త్రాలూ చదివింది మరి!

నాయన పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించిన మనిషి కాదు. ఎండుటాకులు పోగేసి, ఊది ఊది, పొగకు కళ్లనీళ్లు కార్చుకుంటూ కాయలు కాల్చాడు. తలగుడ్డలో పోసుకుని తెచ్చి, వంగి, వరసగా అందరికీ వడ్డించాడు. అమ్మ వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుంది.

"శానా మాడినాయి" అంది.

నాయనకు పౌరుషం వచ్చింది. "నీ ఓళిగలు ఎప్పుడూ మాడవా ఏం?"

"మాడుతాయి. అవి నేను తింటా."

జేజి లేచి, ఇంటి నుంచి మోసుకొచ్చిన బిందెలో లోటా ముంచి తెచ్చి అమ్మ విస్తరి పక్కన పెట్టింది. "తాగు. శెనక్కాయలు గొంతుకు పట్టుకుంటాయి. నీళ్లు అక్కరకొస్తాయని నేను మొదులే చెప్పలా?" అంది.

నాయన తలగుడ్డ పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. "ఇంగా ఎయ్యనా?" అని అడిగాడు.

అమ్మ అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత ఆ చెయ్యి తీసేసింది.

"ఎయ్యండి. నల్లవి లేకుండా చూసి ఎయ్యండి."

నాయన అమ్మ ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయే ఏరి వేశాడు. నల్లవన్నీ తన విస్తట్లో వేసుకున్నాడు.