నేను నిద్రపోయిన సగం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ఫోనులో పాత సినిమా ఒకటి పెట్టి, చూద్దువుగాని రమ్మని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా కూతురి కూతురు ఇది. ద్వారకా నగర్‌లో కోచింగుకని దువ్వాడ నుంచి వచ్చి నా దగ్గరే ఉంటోంది. మార్కులు తగ్గాయని వాళ్ళమ్మ వచ్చి, కోచింగు గుమ్మంలో తోటి పిల్లలందరి ముందూ తిట్టిపోసిందట, ఆనాటి నుంచి తల్లి ఫోను చేస్తే ఇది ఎత్తడం మానేసింది. పది రోజులైంది. ఆ ఫోను మోగి మోగి ఆగిపోవడం వినలేక నా ప్రాణం విసిగిపోయింది.

బొమ్మ మొదలవగానే పోల్చుకున్నాను. మూడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, అక్షరాలు మరిచిపోతానేమో గానీ మొహాలు మరిచిపోను. పంతం పట్టిన తల్లి, ఇల్లు విడిచిపోయిన కూతురు, ఆ ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి అరిగిపోయే తల్లి స్నేహితురాలు. ఇది నేనూ మా నేస్తమూ కలిసి చూసిన సినిమా.

మా వైపు ఆడపిల్లలకు నేస్తం కడితే ఇక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరాదు, నేస్తం అనే అనాలి, పెళ్ళికీ చావుకీ తోబుట్టువులా నిలబడాలి. మా ఇద్దరికీ పదేళ్ళప్పుడు కట్టారు. పెద్దయ్యాక ఇద్దరమూ తెల్లవారకముందే రేవుకు పోయి, పడవలు తెచ్చిన చేపలు తట్టకెత్తుకుని వీధుల్లో అమ్మేవాళ్ళం. సరుకు తొందరగా అయిపోయిన రోజున కుళాయి దగ్గర ఒళ్ళు కడుక్కుని, ఖాళీ తట్టలు సోడా కొట్టులో పెట్టి మ్యాటినీకి పోయేవాళ్ళం. దండగమారి పని అని నేను సణిగినా నేస్తం ఊరుకునేది కాదు. ఎంత కడుక్కున్నా చేపల వాసన పోదు కదా, మా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, దర్జాగా కాళ్ళు చాపుకునేవాళ్ళం. విశ్రాంతి దాకా చూసేదాన్ని. ఆ తరవాత ఫ్యాను గాలికి నిద్ర ముంచుకొచ్చేది. ఏ సినిమాకైనా అంతే. మిగిలిన సగం ఇంటికి నడిచే దారిలో నేస్తం చెప్పేది, "నీ గురకకి తెర మీద విలను కూడా బెదిరిపోనాడే" అని ఎగతాళి చేస్తూ.

ఈ సినిమా చూసిన రోజున మాత్రం ఎగతాళి చేయలేదు. అప్పటికి నా కూతురు పెళ్ళై దువ్వాడ వెళ్ళి మూడేళ్ళు, ఒక్కసారైనా నా గడప తొక్కలేదు. తప్పు దానిదని ఎలా చెప్పను? అది ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సెలవు రోజున తట్ట ఎత్తించి వెంట తీసుకెళ్ళాను. తోటి పిల్లలు ఎదురయ్యేసరికి తట్ట రోడ్డు మీద పడేసి గోడ చాటుకు పోయింది. చేపలు దుమ్ములో దొర్లాయి. రెక్క పట్టుకుని లాక్కొచ్చి, వాళ్ళందరి ముందూ చెంప మీద కొట్టాను. సరుకు పాడైందన్న కోపమే గానీ పిల్ల మొహం చూడలేదు. పిల్లతోపాటే ఆ దెబ్బా పెరిగింది. కన్నదాన్ని, నేనెందుకు దిగిరావాలని నేనూ బిగుసుకు కూర్చున్నాను.

సినిమాలో తల్లే దిగివచ్చిందని నేస్తం చెప్పింది. "పులుసు ఒండుకుని ఎల్లినాది. కూతురు తలుపు తీసి, సూసి, లోనికి ఎల్లిపోనాది. అయినా తల్లి లెగలేదే, మెట్టు మీదే కూకున్నాది. ఆకరికి కూతురే మంచినీళ్ళు తెచ్చినాది."

"సిగ్గు నేదేటి ఆ తల్లికి?" అన్నాను.

"హాలంతా ఏడిసినారు. నువ్వొక్కదానివే గురక" అంది.

వారం తిరక్కుండా క్యారేజీలో చేపల పులుసు పోసుకుని దువ్వాడ బండెక్కాను. కూతురు తలుపు తీసి, చూసి, లోపలికి పోయింది. మెట్టు కాలుతోంది, పక్కింటివాళ్ళు తొంగి చూస్తున్నారు, లేచి వచ్చేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో. తరవాత జరిగేది నాకు తెలుసు కదా అన్న ధైర్యంతోనే కూర్చున్నాను. చివరికి అది చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఎండలో కూకున్నావేటి, లోనికి రా" అంది. ఆ దెబ్బ మాట ఇప్పటికీ నేనూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు. రాకపోకలు మాత్రం అప్పటి నుంచి సాగుతున్నాయి.

మొన్న సగం సినిమాకే మనవరాలు నా భుజం మీద వాలి నిద్రపోయింది. ఈ వయసులో నాకు రమ్మన్నా నిద్ర రాదు, అందుకని ఆ రెండో సగం మొదటిసారి చూశాను. తల్లి వెళ్ళనే లేదు. పులుసు లేదు, మెట్టు లేదు, మంచినీళ్ళు లేవు. కూతురు వచ్చేసరికి గోడకు తల్లి పటం, పటానికి దండ. తలుపు తీసింది స్నేహితురాలు.

నేస్తం పోయి రెండేళ్ళు. ఎందుకలా చెప్పావే అని అడుగుదామంటే మనిషి లేదు. ఉన్నా, "నిద్దరోయినదానివి నీకేటి తెలుసు" అని నవ్వేసి ఊరుకునేది.

ఇంతలో మనవరాలు కళ్ళు నులుముకుంటూ లేచింది. "ఏటైంది అమ్మమ్మా? తల్లి ఎల్లిందా?"

"ఎల్లినాది" అన్నాను. పులుసు, మెట్టు, ఎండ, అంతసేపు తల్లిని అక్కడ కూర్చోబెట్టలేక కూతురే నీళ్ళు తేవడం, అన్నీ చెప్పాను. వెనక్కి తిప్పి చూస్తానుండు అని అది ఫోను అందుకుంటే, "ఛార్జింగు దండగ, లెగు" అని కసిరాను.

మా రోజుల్లో హాల్లో బొమ్మ పోతే పోయినట్టే, నిద్రపోయినవాళ్ళు పక్కవాళ్ళ మాట నమ్మాల్సిందే. ఇప్పుడు ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, వేలితో వెనక్కి లాగితే ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మనవరాలు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. తల్లికి చేస్తోందో, సినిమా వెనక్కి తిప్పుతోందో గోడ ఇవతల నాకు తెలియలేదు. లేచి చూసే ఓపిక లేక, నిద్ర రాకపోయినా కళ్ళు మూసుకున్నాను. మిగిలిన సగాన్ని ఇంటి దారిలో చెప్పే మనిషి ఇప్పుడు లేదు.