ఒక్కసారే అడిగే ఊరు

శివపార్వతి కరేబియన్ సముద్రం ఒడ్డున ఒక పడవవాణ్ణి పెళ్ళాడిందనీ, అతనితో పొసగక తిరిగొచ్చేసిందనీ, ఇప్పుడు మళ్ళీ మనసు మారి ఇల్లమ్మేసి వెళ్ళిపోబోతోందనీ ఇంగ్లండులోని రీడింగ్ ఊళ్ళో ఆ వీధి తెలుగువాళ్ళంతా చెప్పుకున్నారు. మూడు వారాల సెలవులో ఇన్ని పనులు ఎలా చక్కబెట్టుకొచ్చిందని మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

సత్యమ్మకు వచ్చింది. సత్యమ్మ కూతురి దగ్గర ఉంటుంది. కూతురూ అల్లుడూ పొద్దున్నే లాప్‌టాప్‌లు సర్దుకుని ఆఫీసులకు పోతే వీధి మొత్తం ఆవిడ చేతిలోకి వస్తుంది. చదివింది ఐదో తరగతే గాని, ఎవరింట్లో బాయిలర్ పాడైందో, ఎవరికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరకలేదో ఆవిడకు తెలియకుండా ఉండదు. ఇంగ్లీషు రాదంటుంది. పక్కింటి ఇంగ్లీషు ముసలాయనకు మోకాలి ఆపరేషన్ ఎప్పుడో ఆయన పిల్లలకన్నా ముందు తెలిసింది ఆవిడకే. పుకార్లంటే సత్యమ్మకు పడదని కాదు. తప్పుడు పుకారు తనను దాటి తిరగడం పడదు.

అందుకని మాట పుట్టించిన నాగజ్యోతి ఇంటికే నేరుగా వెళ్ళి, సోఫాలో సర్దుకుని కూర్చుని, ఆ పెళ్ళికి సాక్షులెవరని అడిగింది. నాగజ్యోతి ఫోను తీసి శివపార్వతి స్టేటస్‌లో పెట్టిన ఫొటో పెద్దది చేసి చూపించింది. ఒక పడవ, అందులో నల్లటి మగమనిషి ఒకాయన, ఆయన చేతుల్లో మూరెడు చేప. సత్యమ్మ కళ్ళజోడు మార్చుకుని చూసింది.

"ఈయనకి నా వయసుంటుందే. ముందు పళ్ళు కూడా లేవు."

"ప్రేమకి పళ్ళెందుకు ఆంటీ?"

"పెళ్ళికొడుకు చూపంతా చేప మీదే ఉందమ్మా" అని సత్యమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది.

పెళ్ళి సంగతి అలా తేలిపోయింది. పెళ్ళే లేనప్పుడు పొసగకపోవడం కూడా లేదు. మిగిలింది ఇల్లమ్మడం. అదొక్కటే సత్యమ్మ కొట్టిపారేయలేకపోయింది. ఎందుకంటే మెరిసే బూట్లు వేసుకున్న కుర్రాడొకడు శివపార్వతి ఇంటి గోడలకు ఎర్ర దీపపు యంత్రమేదో చూపించి కొలతలు తీసుకోవడం ఆవిడ తన వంటింటి కిటికీలోంచి స్వయంగా చూసింది. ఇళ్ళమ్మిపెట్టే వాళ్ళు తప్ప ఆ వీధిలో అలాంటి బూట్లు ఎవరూ వెయ్యరు.

శివపార్వతిది పాలకొల్లు అవతల గోదావరి పాయ పక్కన ఒక ఊరు. భర్త భానుప్రకాష్ కంప్యూటర్ కాంట్రాక్టరుగా ఇక్కడికి వచ్చి, ఇల్లు కొని, కూతురు ప్రవల్లిక పెళ్ళి చూసి, ఒక శీతాకాలం గుండెపోటుతో పోయాడు. ప్రవల్లిక గ్లాస్గోలో ఆసుపత్రి ఉద్యోగం చేస్తుంది. శివపార్వతి దగ్గర్లోని చిన్నపిల్లల స్కూల్లో వంటగదిలో పని చేస్తుంది. మధ్యాహ్నం గిన్నెలన్నీ కడిగేసి ఇంటికి పోతూ దారిలో సత్యమ్మ దగ్గర ఆగుతుంది. ఆగి, కాఫీ వద్దంటుంది.

ఆ వద్దనడం సత్యమ్మకు బాగా తెలిసిందే. మొదటి వద్దు మర్యాదకి. రెండోది మొహమాటానికి. మూడోసారి అడిగేసరికి, "సరే, మీరు పెట్టుకుంటే ఓ గుక్కెడు" అంటుంది. గుక్కెడంటే నిండు గ్లాసు. భానుప్రకాష్ పోయినప్పటి నుంచీ ఏ మధ్యాహ్నమూ ఇది తప్పలేదు. ఆమె వెళ్ళిపోతే ఆ వేళకి సత్యమ్మ ఒక్కతే స్టవ్ ముందు నిలబడాలి. వీధిలో కబుర్లు మోసుకొచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఊరికే కూర్చునేది మాత్రం శివపార్వతి ఒక్కతే.

అందువల్ల సత్యమ్మ ఇంటి సంగతి అందరినీ అడిగింది, ఆమెను తప్ప. పోస్ట్‌మ్యాన్‌ను అడిగింది. గ్లాస్గోకి ఫోను చేసి ప్రవల్లికను అడిగింది. తెలుగులో అడిగిన ప్రశ్నకు ఆ పిల్ల ఇంగ్లీషులో, అమ్మ బాగానే ఉంది ఆంటీ, ఊరికే ధర తెలుసుకుందాం అనుకుందంతే, అంది. ఊరికే ధర తెలుసుకునే మనిషైతే శివపార్వతి ఈపాటికి కొత్త సోఫా కొనేది. సత్యమ్మ ఆ రాత్రి కూతురు పెట్టిన చపాతీ సగం వదిలేసింది.

మర్నాటి నుంచి కాఫీ పెట్టినప్పుడల్లా ఇంటి ఊసెత్తకుండా శివపార్వతి సెలవుకి వెళ్ళొచ్చిన ఊరి కబుర్లు అడగడం మొదలుపెట్టింది. అవి కొంచెం కొంచెంగా బయటికొచ్చాయి.

స్కూలు వంటగదిలో శివపార్వతికి పని నేర్పింది ఆల్మా అనే పెద్దావిడ. పుట్టింది కరేబియన్ సముద్రం ఒడ్డున ఉన్న బెలీజ్ దేశంలో. చిన్నప్పుడే ఇంగ్లండు వచ్చి, బతుకంతా ఇంగ్లీషు పిల్లలకు బఠాణీలు వడ్డించి, రిటైరవగానే ఆ దేశంలో నది సముద్రంలో కలిసే చోట ఉన్న సొంత ఊరికి వెళ్ళిపోయింది. వెళ్తూ శివపార్వతిని ఒకసారి రమ్మంది. మనవాళ్ళు అలా అంటే ఎవరూ పెట్టె సర్దుకోరు. కానీ ఆల్మా ఆ తర్వాత ఫోను చేసి ఏ నెలలో వస్తున్నావని అడిగింది. లేదని చెప్పడానికి మొహమాటపడి శివపార్వతి టికెట్టు కొనేసింది.

రెండు విమానాలు మారి, పొడుగాటి బస్సు ప్రయాణం చేసి, చివరికి పడవెక్కాలి. ఆ ఊరికి రోడ్డున్నా దాని చివర నది అడ్డం వస్తుంది. అటూ ఇటూ మడచెట్లు వేళ్ళు నీళ్ళలోకి దించుకుని నిలబడ్డాయి. పొద్దున్నే కోతులు పులుల్లా అరుస్తాయి. మొదటిసారి విన్నప్పుడు ఆమె మంచం దిగి తలుపు గడియ సరిచూసుకుంది. కర్రల మీద నిలబెట్టిన చెక్క ఇళ్ళు, కొబ్బరిచెట్లు, ఒక చర్చి, ఒక బడి. ఏటేటా ఒడ్డును సముద్రం కాస్త కాస్త తింటోంది. ఫుట్‌బాల్ మైదానంలో ఒక గోలు ఇప్పటికే నీళ్ళ పాలైంది. అందుకని కుర్రాళ్ళు ఒకవైపే ఆడతారట.

"మరి ఫొటోలో ఆయన?"

"ఆల్మా అన్నగారండీ. చేపలు పడతాడు. నాతో మూడు వారాల్లో నాలుగు మాటలు మాట్లాడుంటాడు. అవీ చేపల గురించే."

సత్యమ్మ ఆ ముక్క సాయంత్రమే నాగజ్యోతికి చేరవేసింది.

అసలు చిక్కు భోజనం దగ్గర వచ్చింది. చేరిన రోజు రాత్రి ఆల్మా కొబ్బరిపాలతో చిక్కుడు గింజలు వేసి వండిన అన్నం, వేయించిన చేప, అరటిపండు ముక్కలు బల్ల మీద పెట్టింది. శివపార్వతికి ప్రాణం లేచొచ్చింది. ఆల్మా ప్లేటు చేతికిస్తూ తింటావా అంది. శివపార్వతి అలవాటుకొద్దీ, అబ్బే వద్దు, విమానంలో తిన్నాను, అంది. ఆల్మా సరేనని తలూపి, ప్లేటు తీసి అలమారలో పెట్టేసి, తను భోంచేసింది. ఎదురుగా కూర్చున్న శివపార్వతి రెండోసారి అడుగుతారని చూసింది. అన్నం గిన్నె మీద మూత పడింది. అప్పుడామెకు కళ్ళు తిరిగాయి గాని, అది ప్రయాణపు బడలికని చెప్పి వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున కూడా వద్దంది, కొంచెం గట్టి ఆశతో. ఆ ఊళ్ళో కాదంటే కాదనే. ఒక మనిషి వద్దన్నదాన్ని మళ్ళీ మళ్ళీ అంటగట్టడం ఆ మనిషి మాటను నమ్మకపోవడమని వాళ్ళ లెక్క. మధ్యాహ్నానికి శివపార్వతి పక్కింటి పెరట్లో రాలిన కొబ్బరికాయ వంక చూడటం ఆల్మా గమనించి, నీకు ఆకలేస్తే చెప్పు తల్లీ, అంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి శివపార్వతి నోరు తెరిచి, ఆకలేస్తోంది, అంది. అంతే, ఎవరూ వింతగా చూడలేదు. అన్నం పెట్టారు.

తర్వాత అంతా సులువైపోయింది. ఆల్మా ఇంట్లో వచ్చేపోయే యాత్రికులకు రెండు గదులున్నాయి. వాళ్ళకు వండిపెట్టడానికి చేతులు చాలడం లేదు. వారం తిరక్కుండా శివపార్వతి ఆ వంటింట్లో చేరిపోయింది. ఆ అన్నగారు తెచ్చిన చేపకు చింతపండు పులుసు పెట్టింది. మామిడికాయ ముక్కలు కోసి కారం కలిపింది. యాత్రికులు సరే, ఊళ్ళోవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చారు. సాయంకాలం పనైపోయాక అందరూ వసారాలో తాళ్ళ ఉయ్యాలల్లో పడుకుని ఊరికే ఉంటారు. ఆమెకూ ఒక ఉయ్యాల కట్టారు.

రీడింగ్ వచ్చాక అలాంటి ఉయ్యాలే ఒకటి తెప్పించి, పెరట్లో ఆపిల్ చెట్టుకూ కంచె కర్రకూ మధ్య కట్టింది. మార్చి చలిలో కోటు, మంకీ క్యాప్ వేసుకుని అందులో పడుకునేది. పుకారు పుట్టింది అసలు అక్కడే. మనిషికి ఏదో అయిందని నాగజ్యోతి కంచె మీదుగా చూసి తేల్చింది. ఏమైందో తెలియక పెళ్ళని చెప్పింది.

ఒక గురువారం సన్నటి వాన పడుతోంది. శివపార్వతి వచ్చి గొడుగు ముడిచి, కాఫీ వద్దని, మళ్ళీ వద్దని, గ్లాసు అందుకుంది. చాలాసేపు తాగలేదు.

"బయలుదేరే ముందు రోజు ఆల్మా నన్నడిగిందండీ, పిన్నిగారూ" అంది. "ఇక్కడే ఉండిపోరాదూ, వంటిల్లు నువ్వు చూసుకో, వెనక గది నీదే అని."

సత్యమ్మ స్టవ్ వైపు తిరిగి ఏమీ లేని చోట గుడ్డతో తుడిచింది. "నువ్వేమన్నావు?"

"అబ్బే, అలా ఎలా కుదురుతుంది, వద్దులే అన్నాను."

"ఆవిడేమంది?"

"సరే అని కోళ్ళకి గింజలు వెయ్యడానికి వెళ్ళిపోయింది."

"మళ్ళీ అడగలేదూ?"

"లేదండీ."

ఆ మళ్ళీ కోసం ఎంతెంతగా ఎదురుచూసిందో కూడా చెప్పింది. రాత్రి భోజనాల దగ్గర పనిలేకుండా బల్ల దగ్గరే కూర్చుంది. పొద్దున సర్దిన పెట్టె తీసి మళ్ళీ సర్దింది. రేవులో పడవ ఇంజను తిరుగుతుంటే వంగి, ఊడని బూటు తాడు విప్పి కట్టుకుంది. ఆల్మా కౌగలించుకుని, కొబ్బరి మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, జాగ్రత్తగా వెళ్ళమంది. అన్నగారు చెయ్యెత్తాడు. పడవ మలుపు తిరిగింది.

"ఒక్కసారే అడిగి ఊరుకుందా! ఏం మనిషమ్మా ఆ ఆల్మమ్మ" అంది సత్యమ్మ.

"మంచి మనిషేనండీ. నేను వద్దన్నానని నమ్మింది."

సత్యమ్మ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. కావలసిన సమాచారం మొత్తం దొరికినట్టే. రమ్మన్నారు, రానంది, తిరిగొచ్చేసింది. ప్రవల్లిక చెప్పినట్టు ఊరికే ధర చూసుకుందంతే, ఇల్లు అమ్మదు, ఎక్కడికీ పోదు. ఇప్పుడే ఫోను తీసి వీధి వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టేస్తే మూడు ముక్కల పుకారూ ఒక్క దెబ్బతో సరి. మధ్యాహ్నం కాఫీలూ ఎక్కడికీ పోవు. ఇంతకంటే అడగవలసింది ఏమీ లేదు. బతుకులో ఎప్పుడైనా ఒక ప్రశ్న మింగి ఊరుకుంటే తనకు లాభం ఉందంటే, అది ఇదే.

ఎదురుగా శివపార్వతి గ్లాసులో కాఫీ మీగడ కట్టింది. ఆమె దాన్ని వేలితో పక్కకు తీస్తోంది, తాగడం లేదు. కిటికీలోంచి చూస్తే ఆమె పెరటి కంచె, తడిసి బరువెక్కి నేల దాకా వేలాడుతున్న ఉయ్యాల కనిపిస్తున్నాయి.

సత్యమ్మ ఫోను బోర్లా పెట్టింది.

"పార్వతీ, ఒకటడుగుతాను, దాచకుండా చెప్పు. నీకు అక్కడికి ఎళ్ళిపోవాలనుందా?"

శివపార్వతి తలెత్తి చూసింది.

"ఉందండీ, పిన్నిగారూ. కానీ ఈసారి నా అంతట నేనే ఆల్మాని అడగాలి. అడగడం నాకు రాదు. మీకు వచ్చు, నేర్పండి."