గట్టు మీద పొడి పలక

మా మనవరాలు ఎత్తుల నుంచి నీళ్లలోకి దూకే పోటీల్లో ఛాంపియన్. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఏదైనా పెద్ద ఊరి పేరు చెప్పమని నా కొడుకు సలహా ఇచ్చాడు. అది వినలేదు. మార్కాపురం దగ్గర నీళ్లు నిలిచిన పలకల గనిలో, మా అవ్వ దగ్గర అనే చెబుతుంది. నిజానికి సిగ్గెందుకు?

నేను మూడో తరగతి మధ్యలో బడి మాని పలకల ఫ్యాక్టరీకి పోయాను. పలక మీద రాసింది కొంచెం, పలకలు కోసింది జీవితమంతా. బావిలో దూకడంలో మాత్రం ఎవరికీ తీసిపోలేదు. మా వైపు దూకడంలో ఒకటే పందెం. గాల్లో ఒళ్లు విరుచుకుని, నీటిని తాకేలోపు ముడుచుకుని ధబీమని పడాలి. ఎవరు లేపిన నీళ్లు గట్టును తడిపితే వాళ్లదే గెలుపు. నేను పెద్దమనిషినయ్యాక మా నాయన నన్ను బావి ఛాయలకే పోనివ్వలేదు.

మనవరాలికి మునగకుండా వీపున బెండ్లు కట్టి గనిలో ఈత నేర్పింది నేనే. ఏడో తరగతికే దాని నీళ్లు గట్టు దాటి నా చీర తడిపేవి. చెంబెడు నీళ్లు పారబోస్తే ఊరుకోని నేను ఆ నీళ్లను మాత్రం ఏమీ అనలేదు.

హైస్కూల్లో ఉండగా ఆటల సారు దాన్ని డైవింగ్ పోటీకి తీసుకుపోయాడు. ఆయనకు కబడ్డీ తెలిసినంత డైవింగ్ తెలియదు. నేనూ, నా కొడుకూ వెంట వెళ్లాం. ముందు దూకిన పిల్లలు సూది దిగినట్టు దిగారు. నీళ్లు లేవనే లేదు. పాపం, చేతకాదేమో అనుకున్నాను. మా పిల్ల దూకితే నీళ్లు జడ్జీల బల్ల మీద పడ్డాయి. అది గెలిచాననుకుని మావైపు చూసి నవ్వింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. ఇంకెవరూ కొట్టలేదు, నవ్వారు. ఆ ఆటలో నీళ్లు లేపకుండా దిగేవాళ్లకే మార్కులట. మాది ఆఖరి స్థానం.

తిరుగు బస్సులో నా కొడుకు ఇక దూకడం బందన్నాడు. ఆ ఈత బట్టల గురించి చర్చిలో ఆడవాళ్లు అప్పటికే గుసగుసలాడుతున్నారు. పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏందిరా బందు? నన్ను బాయి కాడ నుంచి లాక్కపోయినప్పుడు నోరు మూసుకున్నా. ఇది దూకుతాది."

"అందరూ నవ్వినారమ్మా."

"నవ్వనీ. వాళ్ల ఆట వేరే, మన ఆట వేరే."

"మన ఆట యాడ ఆడతారో చూపియ్, పంపిస్తా. లేదంటే మిషను కుట్టుకుంటాది."

పిల్ల ఫోన్‌లో వెతికి వెతికి చూపించింది. నీళ్లు ఎంత ఎత్తుకు లేపితే అన్ని మార్కులిచ్చే పోటీలు లోకంలో ఉన్నాయి. ఒక్క పోటీకి నా కొడుకు ఒప్పుకున్నాడు. అక్కడ ఓడితే కుట్టుమిషనే.

ఆ రోజు నుంచి గని దగ్గరే మా కాపురం. ఫ్యాక్టరీలో పనికిరాని పలక ముక్కను గట్టు మీద పెట్టేదాన్ని. పొడి పలక మీద చుక్క పడితే నల్లగా కనబడుతుంది, దబాయించడం కుదరదు. తడిస్తే ఇంకాస్త వెనక్కి జరిపేదాన్ని. తడవకపోతే మళ్లీ ఎక్కమనేదాన్ని. వీపు కందితే కొబ్బరినూనె రాశాను. ఈత బట్ట చిరిగితే కొత్తది కొనలేదు, అతుకు వేశాను.

పోటీ రోజు ముందు వరసవాళ్లను వెనక్కి జరగమన్నారు. అందరూ జరిగారు. ఇంత దూరం ఏ నీళ్లొస్తాయని నా కొడుకు ఇస్త్రీ చొక్కాతో, చేతులు కట్టుకుని అక్కడే కూర్చున్నాడు. నేను లేపలేదు. గట్టు మీద పలక పెట్టినట్టే అనిపించింది.

మా పిల్ల పైకి ఎక్కింది. గాల్లో ఒళ్లు విరుచుకుంది, ముడుచుకుంది, పడింది. నా కొడుకు నెత్తి నుంచి చెప్పుల దాకా తడిసిపోయాడు. అది నీళ్లలోంచి తల ఎత్తి జడ్జీలను చూడలేదు, వాళ్ల నాయనను చూసింది.

అతను జేబురుమాలు తీశాడు.

"తుడ్సుకోబాక. అట్లనే ఉండు, అందరూ చూడనీ" అన్నాను.

తుడుచుకోలేదు. దాని మొదటి పతకం ఫోటోలో పక్కన నీళ్లు కారుతూ నిలబడింది అతనే. ఆ ఫోటోను వీధిలోకి కనబడేలా తగిలించాను. చర్చికి పోయే ఆడవాళ్లంతా దాని ముందు నుంచే పోవాలి.