గొడుగు గొడవ, కోడలి రీళ్ళు

కుట్టుమిషను ముందు కూర్చుంటే వీధిలో ఎవరు నడిచివెళ్ళినా ఆవిడ కళ్ళు ముందు వాళ్ళ భుజాల మీదే పడేవి. ఎవరి చొక్కా భుజం జారుతోంది, ఎవరి జాకెట్టు వీపు దగ్గర ముడతపడుతోంది, అదే ఆవిడ లోకం. మొహాల సంగతి ఆ తరవాతే. వీధంతా ఆవిడని టైలరమ్మ అనే పిలిచేది. అసలు పేరు కట్టుకున్న మొగుడికి కూడా కోపం వచ్చినప్పుడే గుర్తొచ్చేది. అలాంటి మనిషి నడివయసులో మొహాల వెంట పడింది. దానికి కారణం పక్క కొట్టాయన.

పక్క కొట్టు ఫోటో స్టూడియో. దాని యజమానిని అందరూ స్టూడియో తాత అనేవారు. చేతికో ఫోను వచ్చాక జనం ఆ గుమ్మం ఎక్కడం తగ్గించారు, తరవాత ఎక్కడమే మానేశారు. ఇక కొట్టు మూసి ఇంటి పట్టున కూర్చుందామనుకుని, పెరిగిన పొట్టకి కోటు వదులు చేయించుకోవడానికి ఆయన టైలరమ్మ దగ్గరికి వచ్చాడు. ఆవిడ కరెంటు పోయిన గదిలో మాట్లాడుతూ మాట్లాడుతూనే సూదిలో దారం ఎక్కించేసింది. తాత నోరు వెళ్ళబెట్టాడు.

"అమ్మా, ఈ చేతులు నా కొట్లో ఉండాల్సినవి. చీకట్లో రీలెక్కించడం రాకే నా దగ్గర్నుంచి ఎంతమంది పారిపోయారో!"

మర్నాడు కోటు తీసుకువెళ్ళడానికి వచ్చినప్పుడు ఒక పాత కెమెరా, ఫిల్ము కడిగే మూతున్న డబ్బా, మందు సీసాలు, ఫోటో పెద్దది చేసే ముసలి యంత్రం, అన్నీ తోపుడుబండి మీద వేయించుకుని వచ్చాడు.

"చెత్తలో పడేయడానికి మనసొప్పడం లేదమ్మా. నువ్వు ఉంచుకో. ఆడుకో."

ఆవిడ నిజంగానే ఆడుకుంది. రీలెక్కించడానికి వెలుతురు చొరబడని సంచీ కావాలని తాత చెబితే, మందపాటి నల్లగుడ్డ రెండు పొరలు వేసి, చేతులు దూర్చే చోట బిగుతుగా ఎలాస్టిక్ పెట్టి, ఆ సాయంత్రానికే కుట్టేసింది. తాత దానిలోకి తల దూర్చి, "దీంట్లో మధ్యాహ్నం కూడా దెయ్యాలు తిరగొచ్చు" అని మెచ్చుకున్నాడు.

చిక్కంతా ఇంట్లో వచ్చింది. ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే స్నానాలగది. మందులు కలపడానికి, ఫిల్ము కడగడానికి, ఆరేయడానికి అంతకన్నా వేరే చోటు లేదు. మొగుడు రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి తల నుంచి కాలి దాకా పిండితో ఇల్లు చేరేవాడు. సరిగ్గా అప్పుడే లోపల గడియ పడి ఉండేది.

"ఏమోయ్, పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటే ఇదే. ఇంకాసేపుంటే ఈ చెమటకి పిండి తడిసి నేనే రొట్టెనైపోతాను."

"ఒక్క క్షణమండీ, ఫిల్ముకి డెవలపర్ మందు పోశాను, ఇప్పుడు తలుపు తీయలేను."

"ఆ డెవలపర్‌గాడెవడో గానీ వాడికున్న మర్యాద ఈ ఇంట్లో నాకు లేదు."

అత్తగారికి అసలు వాసనే పడలేదు. "స్నానాలగదిలో ఈ పులిసిన కంపేమిటే అమ్మాయ్? ఇల్లా, ఊరగాయల గిడ్డంగా?" అని సణుగుతూనే, తన వంతు ఎక్కడ తప్పిపోతుందోనని తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చునేవారు. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు. మోకాళ్ళ నొప్పులతో కాలు ఊరుకుంది కాబట్టి ఆవిడ విషయంలో భారమంతా నోటి మీదే పడింది. కూర్చుని కూర్చుని విసుగొచ్చి, తలుపవతలనుంచి తన చెల్లెలితో జరిగిన తగాదా చెప్పడం మొదలుపెట్టేవారు.

ఆ తగాదా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అత్తగారు చెల్లెలికి ఒక గొడుగు అరువిచ్చారు. అది ఊచ విరిగి తిరిగొచ్చింది. "ఇదేమిటే" అంటే, "నువ్విచ్చినప్పుడే ఇలా ఉంది" అంది చెల్లెలు. అక్కడినుంచి మాట మాట పెరిగి, చిన్నప్పుడు విరిగిన బొమ్మ దాకా, అమ్మ ఎవరిని ఎక్కువ ముద్దుచేసిందన్న దాకా వెళ్ళింది. చివరికి చెల్లెలు, "అయినా బావగారి బట్టతలకి గొడుగెందుకక్కా, టోపీ చాలు" అంది. అంతే. చిలికి చిలికి గాలివాన అయింది. అక్కాచెల్లెళ్ళు ఉన్నది ఒకే ఊళ్ళో. అయినా ఏళ్ళ తరబడి ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

ఒకనాడు టైలరమ్మ ఫోను జారి మందుగిన్నెలో పడింది. స్నానాలగదిలో వేరే గడియారం లేదు. డెవలపర్‌లో ఫిల్ము ఎంతసేపుండాలో అంతే ఉండాలి. తక్కువైతే బొమ్మ పాలిపోతుంది, ఎక్కువైతే మాడిపోతుంది. ఏం చేయాలో తోచక ఆవిడ డబ్బా తిప్పుతూ నిలబడితే, బయట అత్తగారు గొడుగు దగ్గర మొదలెట్టి బట్టతల దాకా వచ్చి, "ఇంతకన్నా మాట ఉంటుందా చెప్పు!" అని ముగించారు. ఎందుకో మనసుకి తోచి, సరిగ్గా అప్పుడే ఆవిడ మందు పారబోసింది. ఫిల్ము తీసి చూస్తే ముత్యంలా వచ్చింది!

ఆ తరవాత గోడగడియారం ముందు పెట్టి చూసుకుంది. ఎప్పుడు చెప్పినా ఆ కథ అంతే నిడివి. పాటలోనైనా గాయకుడు ఓ రాగం ఎక్కువ తీస్తాడు గానీ ఈ తగాదాలో అక్షరం పొల్లుపోదు. ఇంకేం కావాలి?

"అత్తయ్యా, మందు పోశాను. మొదలెట్టండి."

"ఎందుకే, విన్నదే కదా?"

"మీరు చెబితే మళ్ళీ వినాలనిపిస్తుంది అత్తయ్యా."

ఇంతకాలానికి తన గోడు వినే మనిషి దొరికిందని అత్తగారు మురిసిపోయారు. ఆపైన పులిసిన కంపు గురించి మాట్లాడటం మానేశారు. పైగా, "ఇవాళ ఫోటోలు కడగవా?" అని ఆవిడే అడగడం మొదలుపెట్టారు. టైలరమ్మ తన కొట్టుకొచ్చే వాళ్ళని కొత్త బట్టల్లో ఫోటోలు తీసేది. పాంటు పొడుగైందని అలిగిన పెళ్ళికొడుకుని, వదులు చేయించుకున్న యూనిఫాంలో ఛాతీ విరుచుకున్న వాచ్‌మన్‌ని, తన గౌనులో తానే గిరగిరా తిరిగే పిల్లని. చిన్న చిన్న ఫోటోలు అద్దం చుట్టూ అతికిస్తే కొలతలకి వచ్చినవాళ్ళు కొలతలు మరచి నిలబడిపోయేవారు.

కొన్నాళ్ళకి ఫిల్ములు పాలిపోవడం మొదలైంది. మొదట కాస్త, తరవాత ఇంకాస్త. పెళ్ళికొడుకులు పొగమంచులో పెళ్ళి చేసుకుంటున్నట్టు వచ్చారు. టైలరమ్మ మందు మార్చింది, నీళ్ళు మార్చింది, వేడి కొలిచి చూసింది. లాభం లేదు. స్టూడియో తాత ఇంటికి ఫిల్ము పట్టుకెళితే ఆయన వెలుతురుకి ఎత్తి చూసి, "మందు మంచిదేనమ్మా. తొందరగా తీసేస్తున్నావు. టైం చూసుకో" అన్నాడు.

"టైం తప్పే ప్రసక్తే లేదండీ తాతగారూ. మా అత్తయ్య తగాదాతో సరిచూసుకుంటున్నాను."

తాత ఆవిడ వంక అదోలా చూసి, ఎందుకైనా మంచిదని ఇంకేం అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ చేతులతో డబ్బా తిప్పుతూ చెవులు రెండూ తలుపుకి అప్పగించింది. అత్తగారు గొడుగు చెప్పారు, ఊచ చెప్పారు. బొమ్మ ఊసు రాలేదు. అమ్మ ముద్దు దగ్గర, "అదెప్పుడూ జబ్బు పిల్లే, అమ్మ మాత్రం ఏం చేస్తుంది" అని ఒక్క ముక్కలో దాటేశారు. బట్టతల రానేలేదు.

"అత్తయ్యా, టోపీ మాట వదిలేశారు!" అంది కోడలు లోపలినుంచి.

"దానికేముందిలే. ఆ మాటకి మీ మామయ్యే పడీ పడీ నవ్వారు. పోయేదాకా ఆయన టోపీ పెట్టుకుంటూనే ఉన్నారు." స్టూలు మీద సర్దుకుని, "గొడుగు కూడా కొత్తదేం కాదులే" అన్నారు.

టైలరమ్మ చేతిలో డబ్బా ఆగిపోయింది. తగాదా తరిగిపోతోంది! చెప్పీ చెప్పీ అత్తగారి కోపం కాస్తా అరిగిపోయింది. ఆ సంగతి ఆవిడకింకా తెలియదు, ఫిల్ముకి తెలిసిపోయింది.

మొగుడికి చెబితే పిండి మొహంతో పకపకా నవ్వి, ఆ తరవాత మెత్తబడ్డాడు. "పిన్ని నన్ను ఎత్తుకుని తిప్పిందోయ్. నేను వెళితే అమ్మ పంపిందనుకుంటుంది, రోషానికి పోతుంది. నువ్వెళ్ళు."

టైలరమ్మ ఒక ఫోటో పట్టుకుని బస్సెక్కింది. స్టూలు మీద కూర్చుని, చెయ్యెత్తి, కళ్ళు పెద్దవి చేసి అత్తగారు మాట్లాడుతుండగా తీసినది. చిన్నత్తగారు నర్సుగా చేసి మానేసిన మనిషి, నిటారుగా ఉంటుంది. ఫోటో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"నన్ను తిడుతుంటే తీసిందేగా ఇది?"

"మీకెలా తెలుసు చిన్నత్తయ్యా?"

"ఆ చెయ్యి నాకు తెలీదూ? దాని కిందే పెరిగాను." ఫోటో తిరిగివ్వలేదు. మళ్ళీ వెలుతురుకి పట్టుకుని, "ఎంత చిక్కిపోయిందే!" అంది. టైలరమ్మ వచ్చిన పని అయిందో లేదో తెలియకుండానే ఇంటికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం కుండపోతగా వాన. తలుపు చప్పుడైతే అత్తగారే వెళ్ళి తీశారు. గుమ్మంలో చెల్లెలు, నెత్తి మీంచి నీళ్ళు కారుతూ, ముద్దగా తడిసి నిలబడి ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒసే, గొడుగు లేదుటే నీకు?" అన్నారు అత్తగారు.

"ఉంది. తెస్తే మళ్ళీ పోట్లాడతావని ఇంట్లో పెట్టొచ్చాను."

అత్తగారి పెదవులు విచ్చుకున్నాయి. ఆ నవ్వు పొట్టలోంచి లేచింది. చెల్లెలికీ అంటుకుంది. ఇద్దరూ గుమ్మం పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నవ్వుతో పాటు ఏడుపూ వస్తుంటే దేన్ని ఆపుకోవాలో తెలియక నిలబడిపోయారు. మొగుడు తువ్వాలు కోసం పరిగెత్తాడు. టైలరమ్మ కెమెరా కోసం పరిగెత్తింది. రీలు ఖాళీ అయ్యేదాకా నొక్కుతూనే ఉంది. తలలు తుడుచుకుంటుంటే, ఒకే పళ్ళెంలోంచి తింటుంటే, మోకాళ్ళ నొప్పులకి చెల్లెలు నర్సుగారి పద్ధతిలో అక్క కాళ్ళు వంచుతుంటే.

ఆ పూటే కడిగేద్దామని స్నానాలగదిలో దూరి, ఉన్న అలవాటు కొద్దీ, "అత్తయ్యా, మొదలెట్టండి" అని కేకేసింది.

మొదలెట్టారు. అయితే ఈసారి పక్కన ప్రతివాది ఉంది.

"ఊచ విరిగింది నీ దగ్గరే."

"కాదక్కా, బస్సులో నీ కొడుకు దాని మీద కూర్చున్నాడు."

"ఎవరూ, వీడా?"

"నన్నిందులోకి లాగకండి!" అని వంటింట్లోంచి మొగుడి కేక.

బొమ్మ దగ్గర సాక్షుల విచారణ జరిగింది. అమ్మ దగ్గర ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. టోపీ దగ్గరికి వచ్చేసరికి అత్తగారు మామగారి నడకని అనుకరిస్తే చెల్లెలు దగ్గు వచ్చేదాకా నవ్వింది. లోపల టైలరమ్మ కూడా నవ్వుతూ, డబ్బా తిప్పుతూ, మందు పారబోయాలన్న సంగతే మరచిపోయింది. గుర్తొచ్చి తీసేసరికి ఫిల్ము బొగ్గులా ఉంది.

"అయ్యో, మాడిపోయింది!"

స్టూడియో తాత దాన్ని చూసి పెదవి విరచలేదు. "కాగితం మీద వేసేటప్పుడు కాస్త ఓపిక పట్టి ఎక్కువ వెలుతురివ్వు, వస్తుంది" అన్నాడు. ఆవిడ అలాగే చేసింది. ఎర్ర దీపం కింద, పళ్ళెంలోని కాగితం మీద ముందు రెండు నవ్వులు, తరవాత తడి జుట్టు, ఆఖరికి గుమ్మం తేలాయి. గరుకు గరుకుగా, ఇసకతో గీసినట్టు. టైలరమ్మ తీసిన వాటిలో అలాంటి ఫోటో ఇంకోటి లేదు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ దాన్ని ముందేసుకుని కూర్చున్నారు.

"నా ముక్కింత లావుందా?" అంది చెల్లెలు.

"ఉందిగా. నువ్వు మరీ నా మీద వాలిపోయావు, అందుకే నేను పొట్టిగా పడ్డాను."

"నేను వాలానా? నువ్వే లాగావు!"

"అమ్మాయ్," అని అత్తగారు కోడలి వైపు తిరిగారు, "వచ్చే ఆదివారం మళ్ళీ తియ్యి. ఇది వస్తుంది. ఏమే, వస్తావుగా?"

"రాక చస్తానా? ఈ ముక్కుతో నన్ను గోడకెక్కిస్తారని తెలిశాక?"

మొగుడు స్నానాలగది ఖాళీగా ఉండటం గమనించి, భుజాన తువ్వాలు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.