పురుడు తీరకముందే

ఎనభైల మొదట్లో, నాకింకా మాటలు రాకముందే, రెండు కళ్లకూ క్యాన్సర్ వచ్చిందట. ఎడమ కన్ను తీసేశారు. కుడి కంటికి హైదరాబాద్‌లో కరెంటు పెట్టించారు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అనేవాళ్లు. చూపు దక్కింది గానీ ఆ పక్క ఎముక సరిగా పెరగక కణత గుంట పడింది. కాలేజీకొచ్చేసరికి శుక్లం వచ్చి ఆపరేషన్ అయింది. కన్ను ఊరికే ఎండిపోతుంది, చుక్కల మందు దగ్గర లేకుండా గడప దాటను. ఒక పక్క గాజు కన్ను, ఇంకో పక్క గుంట. నన్ను ఎటు తిప్పి కూర్చోబెట్టాలో తేలక సంగారెడ్డి ఫోటో స్టూడియో ఆయన తిప్పలు పడుతుంటే నాకు నవ్వొచ్చేది.

నవ్వురాని సంగతి ఒక్కటే. ఈ జబ్బు నా కడుపున పుట్టేవాళ్లకూ రావచ్చని, పుట్టగానే కళ్లు చూపించాలని డాక్టరు ముందే చెప్పాడు. పెళ్లయి అత్తగారి ఊరు చిట్కుల్ వచ్చాక అత్తమ్మకు నేనే చెప్పాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "సరే తియ్" అంది. ఏం అర్థమైందో తెలియలేదు.

మా అమ్మ లేదు గనుక కాన్పయ్యాక అత్తమ్మ దగ్గరే ఉన్నాను. ఆచారాల్లో ఆమె గట్టి మనిషి. పురుడు తీరకుండా బాలింతను వాకిట్లోకి కూడా రానివ్వదు. ఆమెను ఎలా అడగాలో తెలియక పాప కళ్లలోకి చూస్తూ కూర్చునేదాన్ని. నల్లగుడ్డు తెల్లగా మెరుస్తుందేమోనని భయం. నా జబ్బు బయటపడింది అలాగే.

ఒక పొద్దున మా ఆయన ఫ్యాక్టరీకి పోగానే ఆమే ఆటో పిలిపించింది. నా చెవులు మూసేలా గుడ్డ కట్టింది. పాపకు బుగ్గన, అరికాలిన నల్లచుక్కలు పెట్టింది. కళ్లకు మాత్రం కాటుక పెట్టలేదు. పక్కింటామె చూసి, "పురుడన్న కాలె, ఏడికి తీస్కపోతున్నవ్ వదినా?" అంది.

"పిల్ల కండ్లు సూపిచ్చుకొస్తం. పురుడు ఏడికి పోతది, వచ్చినంక జేస్కుంటం" అంటూ అత్తమ్మ ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో పాపను లోపలికి తీసుకుపోయారు. ఏడుపు బయటికి వినిపిస్తూనే ఉంది. చాలాసేపటికి డాక్టరు మమ్మల్ని పిలిచి, రెండు కళ్లూ బాగున్నాయని, కానీ కొన్నేళ్లపాటు చూపిస్తూ ఉండాలని చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. పాపను ఎత్తుకుని బయల్దేరాను.

అత్తమ్మ మాత్రం కదల్లేదు.

"సారూ, ఇగ మా కోడలు కన్ను గూడ జెర సూడుండ్రి. కడుపుతోని ఉన్నప్పటి సంది ఎవ్వలకు సూపిచ్చుకోలె. గా కన్నుతోనే గద పిల్లను సాదుకోవాలె."

డాక్టరు నన్ను కూర్చోమన్నాడు. ఏటా చూపించుకోవాల్సిన కన్ను అది. ఆ సంగతి నేనే మరిచిపోయాను. పాపను అత్తమ్మ చేతికిచ్చి కుర్చీలో కూర్చున్నాను, చెప్పలేనంత సంతోషంతో.