గోరి బుట్టలో పెసలు

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న తండాలో తీజ్ పండుగ మాటెత్తితే గోరి పేరు రాక తప్పదు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసి నారు పెంచే పండుగ అది. ముప్పై ఏళ్ల కిందట గోరి నారు అందరికంటే నాలుగు వేళ్లు ఎక్కువ ఎదిగింది. తండా ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయేది, గోరి మరిచిపోనిస్తే కదా.

అలాంటి గోరికి నర్సు శ్రీదేవి మొలకల పాఠం చెప్పడానికి వచ్చింది. కోడలు కళ్యాణికి ఆరో నెల. రక్తం ఎనిమిదిన్నర. పది దాటకపోతే కాన్పు ఇక్కడ చేయరు, ఖమ్మం పంపుతారు. పుట్టిన బిడ్డ ముందు తన చేతుల్లోనే పడాలని గోరి పంతం. మేకల్ని వదిలి ఖమ్మంలో కూర్చోవడమా, అది ఆమె వల్ల కాదు.

"గోలీలు రోజు మింగాలె. పెసలు మొలకెత్తించి, ఉడకబెట్టి, నిమ్మకాయ పిండి పెట్టు. తిన్నంక జల్దీ ఛాయ్ తాగనియ్యకు," అంది శ్రీదేవి. "మొలకెత్తిచ్చుడు ఎట్లనో చెప్పాల్నా, గోరమ్మా?"

"నాకా?" అంది గోరి. పాఠం అక్కడితో ముగిసింది.

అటక మీది వెదురు బుట్ట దిగింది. పుట్టమన్ను వచ్చింది. పెసలు చల్లి, మూడు పూటలా నీళ్లు చిలకరించి, చెప్పులు వేసుకున్నవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. నాలుగో రోజు కళ్యాణి, "అత్తా, మొలకలేవి?" అంటే, "తొమ్మిది రోజులు కావద్దా?" అని కసిరింది.

తొమ్మిదో రోజు బుట్ట తెచ్చి కోడలి ముందు పెట్టింది. జానెడు పైరు, ఆకులతో సహా.

"గిదేందత్తా? నేను మేకనా?"

మేకలకు ఆ అనుమానం రాలేదు. మధ్యాహ్నానికల్లా బుట్ట ఖాళీ.

సంగతి విని శ్రీదేవి గడపలోనే కూలబడి నవ్వింది. "రాత్రి నానబెట్టు. పొద్దున నీళ్లు వంపి తడిబట్టల మూటగట్టు. మర్నాడు తెల్లగ ముక్కు బయట పెడతయ్. గప్పుడే తినాలె. మన్ను లేదు, పాట లేదు."

గోరికిది నచ్చలేదు. తీజ్ నారు పండుగ చివర మర్యాదగా పెద్దల తలపాగాల్లో దోపేదే గానీ నోట్లో వేసుకునేది కాదు. పైగా ముక్కు బయటపెట్టిన పసిదాన్ని ఉడకబెట్టడమా? అయినా మూట కట్టింది. మర్నాడు విప్పి, మురిసి, మళ్లీ ముడి వేయబోయింది.

"ఇంకో రెండు రోజులాగితే ఎంత పొడుగొస్తయో."

కళ్యాణి పొయ్యి మీద గిన్నె పెట్టి నిలబడింది. "పెసల పొడుగు చూస్తవా, మనవని మొహం చూస్తవా?"

గోరి మూటను గిన్నెలోకి దులిపింది. "మనవడే అని నీకెవరు చెప్పిన్రు?" అంటూ నిమ్మకాయ కోసింది. అత్తాకోడళ్ల అనురాగం అని దీనికి పేరు పెట్టనక్కర్లేదు. మనవడా, మనవరాలా అన్న వాదన ఇంకా తెగలేదు.

రెండు నెలలకు రక్తం పదిన్నరకు వచ్చింది.

"కాన్పు ఈడనే," అంది శ్రీదేవి. "గోలీలు మంచిగ మింగింది పిల్ల."

గోరి మొహం ముడుచుకుంది. "మింగుడు ఎవరికి రాదు?"

"మొలకలు గూడ పనిచేసినయ్, గోరమ్మా."

"గూడనా?"

అని ఊరుకోలేదు. కొంగు ముడి విప్పి, కొబ్బరిచిప్పలో ఎవరికీ చెప్పకుండా తొమ్మిది రోజులు పెంచిన గోధుమ నారు తీసి, శ్రీదేవి జడలో దోపింది.

"గిది తినేది కాదు," అంది.